చిన్న విత్తన రోబోకు స్టెప్పరు మోటారును ఎన్నుకొనుట

పదునులో విత్తుట, సమదూరములో విత్తుట – ఈ రెండును పంటకు పునాదులు. గొర్రుతో విత్తునపుడు సాలు కుదురుగా వచ్చుట జడ్డిగములో గింజలు వదలు చేతి నేర్పుపై ఆధారపడి యుండును. ఆ చేయి ఒక లెక్క ప్రకారము ఆడుచుండును. లెక్క తప్పినచో ఒకచోట గుంపుగా, మరొకచోట బోసిగా మొలచును.

నేడు పాలిటెక్నిక్, ఇంజనీరింగు చదువుచున్న రైతుబిడ్డలు అనేకులు సెలవులలో సరదాగా చిన్న రోబో బండ్లను తయారుచేయుచున్నారు. 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద ఏర్పడిన పాఠశాల ప్రయోగశాలలలోను ఈ అభిరుచి కనబడుచున్నది. విత్తనము వేయు రోబో వీరికి ప్రియమైన నమూనా. బల్లపై చక్కగా నడచు బండి పొలములో దిగగానే ఆగిపోవుట, గింజలు దాటవేయుట తరచుగా జరుగును. ఇందుకు ముఖ్య కారణము, మోటారును ముందు కొని, భారమును తరువాత ఆలోచించుట. దీనివలన ఇంటివారి డబ్బు పోవుటయేగాక, పిల్లల ఉత్సాహము కూడ చల్లబడును. అదను కూడ దాటిపోవచ్చును. కావున మోటారును అంచనాతోగాక కొలతతో ఎన్నుకొను విధమును ఇక్కడ వివరించుచున్నాము. ఇంటిలో ఇట్టి ప్రయత్నము చేయువారున్న రైతులును, పాఠశాల ప్రదర్శనలకు తోడ్పడు గ్రామాధికారులును దీనిని చదివి పిల్లలకు వినిపించవలెను.

స్టెప్పరు మోటారు అనగా నేమి?

మామూలు మోటారుకు కరెంటు ఇచ్చినచో ఆపువరకు గిరగిర తిరుగుచుండును. ఎన్ని చుట్లు తిరిగినదో దానికి తెలియదు. స్టెప్పరు మోటారు అట్లుగాక, కరెంటు తాకిడి ఒకటి వచ్చినప్పుడెల్ల ఒక్క స్టెప్పు మాత్రమే కదలి నిలచును. సాధారణముగా బజారులో దొరకు రకములో తిరుగు భాగమునకు 50 పళ్ళు ఉండును. రెండు తీగచుట్లలో కరెంటు దిశను వరుసగా మార్చినపుడు, ఒక్కొక్క పంటికి 4 స్టెప్పుల చొప్పున, ఒక పూర్తి చుట్టుకు 200 స్టెప్పులు పడును. అనగా ఒక స్టెప్పు 1.8 డిగ్రీలు. ఒక స్టెప్పులో కొద్దిపాటి తేడా యున్నను, అది తరువాతి స్టెప్పులకు కూడుకొనదు. జడ్డిగము వద్దనున్న చేతివలె లెక్కతో పనిచేయుట దీని సుగుణము.

అయితే దీనికొక పెద్ద లోపము కలదు. భారము మించినచో స్టెప్పు వేయలేక అక్కడనే వణకును. ఆజ్ఞనిచ్చు బోర్డుకు ఆ సంగతి తెలియదు. స్టెప్పు పడినదనియే లెక్క వ్రాసికొనును. అప్పటినుండి లెక్క వేరు, పని వేరు అగును.

ఏ పనికి వాడవలెను?

మొక్కజొన్నను సాళ్ళ మధ్య 60 సెం.మీ., మొక్కల మధ్య 20 సెం.మీ. దూరమున విత్తు చిన్న బండిని ఉదాహరణగా తీసికొందము. ఈ దూరమున ఎకరమునకు సుమారు 33 వేల మొక్కలు వచ్చును. బండిలో రెండు పనులున్నవి. ఒకటి, గింజల పళ్ళెమును త్రిప్పి ఒక్కొక్క గింజను వదలుట. రెండవది, బండిని ముందుకు నడుపుట.

మొదటి పనికి లెక్క ముఖ్యము, బలము స్వల్పము. ఇది స్టెప్పరు మోటారుకు తగిన పని. రెండవ పనికి బలము ముఖ్యము. దుక్కి నేలలో చక్రము జారుచుండును గనుక చక్రమును ఎన్ని స్టెప్పులు త్రిప్పినను బండి నడచిన దూరము ఖచ్చితముగా తెలియదు. లెక్క నిలువని చోట లెక్కగల మోటారును పెట్టి ప్రయోజనము లేదు. కావున చక్రములకు గేరు గల మామూలు డి.సి. మోటారును వాడుట మంచిది.

మరి దూరము తెలియుట ఎట్లు? బండి వెనుక నేలను ఆనుకొని స్వేచ్ఛగా దొర్లు తేలికపాటి చక్రము నొకదానిని తగిలించవలెను. దాని అడ్డుకొలత 25.5 సెం.మీ. ఉన్నచో చుట్టుకొలత సుమారు 80 సెం.మీ. అగును. దానిపై సమదూరమున 4 చిన్న అయస్కాంతములను అమర్చి, ప్రక్కన అయస్కాంతమును గుర్తించు సెన్సారును పెట్టినచో, ప్రతి 20 సెం.మీ.కు ఒక సంకేతము వచ్చును. సంకేతము వచ్చినపుడెల్ల స్టెప్పరు మోటారు ఒక్క గింజను వదలును. బండి వేగము హెచ్చుతగ్గులైనను గింజల ఎడము మారదు.

పళ్ళెమునకు ఎన్ని గుంటలు?

స్టెప్పుల సంఖ్యను గుంటల సంఖ్య నిశ్శేషముగా భాగించవలెను. 200 స్టెప్పుల మోటారుకు 10 గుంటల పళ్ళెము పెట్టినచో గింజకు 20 స్టెప్పులు, 8 గుంటలైనచో 25 స్టెప్పులు చాలును. 12 గుంటలు పెట్టినచో గింజకు 16 స్టెప్పుల మీద భిన్నము వచ్చును. పళ్ళెము క్రమముగా ప్రక్కకు జరుగును.

పాత ప్రింటర్లనుండి తీసిన మోటార్లలో కొన్నింటికి స్టెప్పు 7.5 డిగ్రీలు, అనగా చుట్టుకు 48 స్టెప్పులు ఉండును. వీటికి 8 లేక 12 గుంటల పళ్ళెము సరిపోవును. 28బివైజె-48 అను చవుక రకము 5 వోల్టుల చిన్న మోటారు పాఠశాలలలో విరివిగా కనబడును. దానిలోని గేర్ల నిష్పత్తి 64కు 1 అని చెప్పుదురుగాని, చాల వాటిలో అది నిజమునకు సుమారు 63.68. నిండు సంఖ్య కానందున వేల చుట్ల తరువాత లెక్క తప్పును. దాని బలము కూడ సుమారు 0.3 కి.గ్రా.-సెం.మీ. మాత్రమే. బొమ్మ నమూనాకు చాలునుగాని గింజల పళ్ళెమునకు చాలదు.

భారమును కొలుచు విధము

త్రిప్పు బలమును కి.గ్రా.-సెం.మీ.లలో చెప్పుదురు. ఇరుసునుండి 1 సెం.మీ. దూరమున 1 కిలో బరువును ఆపగల బలమే 1 కి.గ్రా.-సెం.మీ. కొన్ని పట్టికలలో న్యూటన్-మీటర్లు ఉండును. 1 న్యూటన్-మీటరు సుమారు 10.2 కి.గ్రా.-సెం.మీ.కు సమానము.

పళ్ళెమునకు కావలసిన బలమును కొలుచుటకు చిన్న స్ప్రింగు త్రాసు, దారము చాలును. తొట్టిలో గింజలు నిండుగ పోయవలెను. దారమును పళ్ళెము అంచుకు చుట్టి, కొనను త్రాసు కొక్కెమునకు తగిలించి మెల్లగా లాగవలెను. పళ్ళెము కదలిన క్షణమున త్రాసు చూపు బరువును వ్రాసికొనవలెను. ఈ విధముగా పదిసార్లు చేసి, సగటునుగాక అన్నింటిలో పెద్ద అంకెను తీసికొనవలెను. ఏలనన గింజ అడ్డుపడి బిగిసినపుడే మోటారు లెక్క తప్పును.

ఉదాహరణకు పెద్ద అంకె 200 గ్రాములు, పళ్ళెము కేంద్రమునుండి అంచువరకు 6 సెం.మీ. అనుకొనుడు. 0.2 కిలోను 6తో గుణించగా 1.2 కి.గ్రా.-సెం.మీ. వచ్చును. దుమ్ము, తేమ, విరిగిన గింజలవలన కలుగు అడ్డంకులకై దీనిని రెట్టింపు చేయవలెను. కావలసినది 2.4 కి.గ్రా.-సెం.మీ.

ఇదే విధముగా బండిని కూడ పరీక్షించుడు. బ్యాటరీ, గింజలతో సహా 8 కిలోల బండిని విత్తబోవు దుక్కిలోనే త్రాసుతో లాగి చూడవలెను. సిమెంటు నేలపై చూచిన అంకె పనికిరాదు. దుక్కిలో 2.5 కిలోల లాగుడు అవసరమై, చక్రము కేంద్రమునుండి అంచుకు 10 సెం.మీ. ఉన్నచో మొత్తము 25 కి.గ్రా.-సెం.మీ. కావలెను. రెండు చక్రములకు రెండు మోటార్లైనచో ఒక్కొక్కదానికి 12.5, రెట్టింపు చేయగా 25. క్రింద చెప్పబోవు 17 నంబరు స్టెప్పరు బలము ఇందులో ఆరవవంతు మాత్రమే. ఈ లెక్కను ముందు వేసికొన్నవారు చక్రములకు స్టెప్పరును కొనరు. నిమిషమునకు 20 నుండి 30 చుట్లు తిరుగు 12 వోల్టుల గేరు డి.సి. మోటారు అక్కడ తగినది. అది కూడ 25 కి.గ్రా.-సెం.మీ. బలమును నిలకడగా ఈయగలదై యుండవలెను.

మోటారు పట్టికను చదువుట

దుకాణములో నీమా 17, నీమా 23 అను పేర్లు వినబడును. ఇవి బలమును తెలుపు అంకెలు కావు. మోటారు ముఖము యొక్క కొలతను అంగుళములో పదవవంతులలో చెప్పు అంకెలు మాత్రమే. 17 అనగా ముఖము 1.7 అంగుళములు, సుమారు 42 మి.మీ. చదరము. 23 అనగా 2.3 అంగుళములు, సుమారు 57 మి.మీ. ఒకే నంబరులో పొట్టివి, పొడుగువి ఉండును. పొడుగు పెరిగిన కొలది సాధారణముగా బలము పెరుగును. కావున నంబరు మాత్రము అడిగి కొనరాదు. ఈ క్రింది నాలుగు సంగతులను అడుగవలెను.

1. నిలుపు బలము: కరెంటు ఉండగా నిలచియున్న మోటారు ఎంత బలమునకు లొంగకుండునో తెలుపు అంకె ఇది. తిరుగునపుడు ఇంత బలము రాదు. 40 మి.మీ. పొడుగు గల నీమా 17 మోటార్లలో సాధారణముగా ఇది సుమారు 4 కి.గ్రా.-సెం.మీ. ఉండును.

2. చుట్టుకు కరెంటు: పైన చెప్పిన మోటార్లలో ఒక రకమునకు 1.7 ఆంపియర్లు. దీనిని బట్టియే డ్రైవరును ఎన్నుకొనవలెను.

3. తీగచుట్టు నిరోధము: అదే రకమునకు 1.5 ఓములు. నిరోధము, విద్యుత్ ప్రేరకత తక్కువగా ఉన్న మోటారు వేగముగా తిరుగుటకు అనుకూలము.

4. తీగల సంఖ్య: 4 తీగలు గల మోటారు నేటి డ్రైవర్లకు సులభముగా కుదురును. ఏ రెండు తీగలు ఒక చుట్టువో తెలియనిచో, కరెంటు లేనపుడు రెండింటి కొనలను కలిపి ఇరుసును చేతితో త్రిప్పి చూడవలెను. బిగుతుగా తిరిగినచో అవి ఒకే చుట్టు తీగలు. వదులుగా తిరిగినచో వేరు చుట్లవి.

మన పళ్ళెమునకు కావలసినది 2.4, మోటారు నిలుపు బలము 4. కనుక ఈ రకము సరిపోవును. ఇంకను పెద్దదానిని కొన్నచో బలముతోపాటు బరువు, కరెంటు ఖర్చు కూడ పెరుగును.

వేగము పెరిగినచో బలము తగ్గును

స్టెప్పరు మోటారు మెల్లగా తిరుగునపుడు బలముగా ఉండును. వేగము పెంచిన కొలది బలము పడిపోవును. తీగచుట్టులో కరెంటు నిండుటకు కొంత వ్యవధి కావలెను; స్టెప్పులు త్వరత్వరగా వచ్చినపుడు ఆ వ్యవధి చాలదు. మన బండి సెకనుకు 20 సెం.మీ. నడచినచో సెకనుకు ఒక గింజ పడవలెను. ఆ 20 స్టెప్పులను 0.2 సెకనులో వేయించినను సెకనుకు 100 స్టెప్పుల వేగమే. ఇది నిమిషమునకు 30 చుట్లతో సమానము. ఈ వేగమున బలము పెద్దగా తగ్గదు.

నిలచియున్న మోటారును ఒక్కసారిగా పెద్ద వేగమునకు పరుగెత్తించరాదు. ఎద్దును లేపిన వెంటనే పరుగెత్తించనట్లే, మెల్లగా మొదలిడి వేగము పెంచవలెను. కొన్ని తక్కువ వేగములలో మోటారు గట్టిగా అదరి లెక్క తప్పును. అట్టి వేగమును తప్పించుటగాని, డ్రైవరులో ఒక స్టెప్పును చిన్న భాగములుగా విభజించు ఏర్పాటును వాడుటగాని చేయవలెను. ఒక స్టెప్పును 16 భాగములు చేసినచో నడక నునుపగును. కాని ఖచ్చితము 16 రెట్లు పెరుగునని భ్రమపడరాదు.

డ్రైవరు, బ్యాటరీ

మోటారుపై 2.5 వోల్టులు అని యున్నను 12 వోల్టుల బ్యాటరీతో నడుపుట చూచి చాలమంది తికమకపడుదురు. 2.5 అనునది 1.7 ఆంపియర్లను 1.5 ఓములతో గుణించగా వచ్చిన అంకె మాత్రమే. నేటి డ్రైవరు బోర్డు కరెంటును వేగముగా తెంపుచు, కలుపుచు నిర్ణయించిన ఆంపియర్లకు మించకుండ కాపాడును. హెచ్చు వోల్టేజి వలన చుట్టులో కరెంటు త్వరగా నిండును. అయితే డ్రైవరు లేకుండ మోటారును సూటిగా బ్యాటరీకి కలిపినచో తీగచుట్టు కాలిపోవును.

ఎ4988 అను బోర్డు 35 వోల్టుల వరకు తట్టుకొనును. చల్లబరచు రేకు లేకుండ సుమారు 1 ఆంపియరు వరకే వాడదగును. అంతకు మించినచో రేకును అంటించి గాలి తగులునట్లు అమర్చవలెను. డిఆర్‌వి8825 అను బోర్డు 45 వోల్టులు, రేకు లేకుండ సుమారు 1.5 ఆంపియర్లు భరించును. బోర్డుపైనున్న చిన్న మరను త్రిప్పి కరెంటు హద్దును నిర్ణయించవలెను. ఇది తప్పనిసరి. బోర్డుతో వచ్చు పత్రములోని సూత్రము ప్రకారము మల్టీమీటరుతో కొలిచి సరిచేయుడు.

కరెంటు ప్రవహించుచుండగా మోటారు తీగలను ఊడదీయుటగాని తగిలించుటగాని చేయరాదు. క్షణములో డ్రైవరు పాడగును. డ్రైవరు దగ్గరనే 100 మైక్రోఫారడుల కెపాసిటరును అమర్చుట మరువరాదు.

స్టెప్పరు నిలచియున్నను కరెంటు తినుచుండును. రెండు చుట్లలోను 1.7 ఆంపియర్లు ప్రవహించినపుడు సుమారు 8.7 వాట్లు వేడిగా పోవును. చుట్లలో కరెంటును 1.2 ఆంపియర్లకు తగ్గించినచో వేడి సగమగును. బలము సుమారు 70 శాతము, అనగా 2.8 కి.గ్రా.-సెం.మీ. మిగులును. మనకు కావలసిన 2.4 కంటె ఇంకను ఎక్కువే. కావున అవసరమైనంత కరెంటే ఇయ్యవలెను. మడి చివర చాలసేపు ఆగవలసి వచ్చినచో మోటారు కరెంటును ఆపి, తిరిగి ప్రారంభించునపుడు పళ్ళెమును గుర్తు స్థానమునకు తెచ్చుకొనవలెను. బ్యాటరీ దగ్గర ఫ్యూజు, చేతికందునట్లు ఆపు స్విచ్చి తప్పక ఉండవలెను. చక్రములు, పళ్ళెము తిరుగునపుడు పిల్లలు వ్రేళ్ళు పెట్టకుండ మూతలు వేయించుడు.

లెక్కకు కాపలా

స్టెప్పు తప్పినది యంత్రమునకు తెలియదని పైన చెప్పితిమి. మనుష్యుడైనచో గింజ పడలేదని చూచి మరల వేయును. రోబో ఖాళీ సాలునే విత్తుకొనుచు పోవును. మొలకలు వచ్చిన తరువాతగాని ఆ సంగతి బయటపడదు. అప్పుడు సందులలో తిరిగి విత్తినను ఆ మొక్కలు ముందు మొలచినవాటి నీడలో వెనుకబడును.

ఇందుకు చవుకైన ఉపాయము కలదు. పళ్ళెము అంచున ఒక్క గుర్తును, దాని కెదురుగా ఒక సెన్సారును పెట్టవలెను. 200 స్టెప్పులు అనగా 10 గింజలు పూర్తియైనపుడు గుర్తు సెన్సారు ఎదుటకు రావలెను. రానిచో బండి ఆగి గంట మ్రోగునట్లు ప్రోగ్రాము వ్రాయవలెను. అప్పుడు నష్టము కొద్ది గింజలకు మించదు. అయితే పళ్ళెము సరిగా తిరుగుచున్నను తొట్టిలో గింజలు అయిపోవచ్చును. గుంటలోనికి గింజ దిగకపోవచ్చును. ఈ సంగతి ఆ గుర్తుకు తెలియదు. కావున మనిషి వెంట నడచి చూచుట మానరాదు.

పొలములో దింపుటకు ముందు

మొదట గింజలు లేకుండ పళ్ళెముపై సుద్దతో గీత గీచి, 100 చుట్లు తిరుగునట్లు ఆజ్ఞ ఇయ్యవలెను. గీత మొదటి చోటికే వచ్చి నిలువవలెను. తరువాత తొట్టి నింపి ఇదే పరీక్ష చేయవలెను. అరగంట నడచిన పిమ్మట మోటారును చేతితో తాకి చూడుడు. వేడెక్కుట సహజమే, చేయి నిలువనంత వేడి ఉన్నచో కరెంటు తగ్గించవలెను. పిదప తడి ఇసుక పరచిన చోట 100 గింజలు వేయించి, ఖాళీలు ఎన్ని, జంటలు ఎన్ని వచ్చినవో లెక్కించుడు. గింజలను జల్లించి ఒకే పరిమాణము గలవాటిని తీసికొన్నచో ఈ రెండును తగ్గును. దుమ్ము చొరకుండ మోటారుకు రేకు మూత అవసరము. గాలి ఆడుటకు మాత్రము సందు ఉంచవలెను.

ఇట్టి బండి ఎంత నేల విత్తగలదో కూడ ముందే తెలిసికొనుట మంచిది. ఎకరములో 60 సెం.మీ. సాళ్ళ మొత్తము పొడవు సుమారు 6,700 మీటర్లు. సెకనుకు 20 సెం.మీ. చొప్పున మలుపులు విడిచియే తొమ్మిది గంటలకు పైగా పట్టును. 5 సెంట్ల మడిలోనైతే సుమారు 340 మీటర్లే గనుక అరగంటలో పని ముగియును. కావున దీనిని పెరటి మడికి, పాఠశాల తోటకు, ప్రదర్శన క్షేత్రమునకు తగిన సాధనముగా భావించవలెను. ఎకరముల విత్తుబడికి గొర్రును, ట్రాక్టరు విత్తన యంత్రమును విడువరాదు.

గుర్తుంచుకొనవలసినవి

1. లెక్క కావలసిన పనికి స్టెప్పరు. లాగుడు కావలసిన పనికి గేరు డి.సి. మోటారు.
2. త్రాసుతో కొలువనిదే మోటారు కొనరాదు. పెద్ద అంకెను తీసికొని రెట్టింపు చేయుడు.
3. నంబరునుగాక నిలుపు బలము, కరెంటు, నిరోధము, తీగలు అడిగి కొనుడు.
4. పళ్ళెము గుంటలు స్టెప్పులకు నిశ్శేషముగా కుదురవలెను.
5. డ్రైవరులో కరెంటు హద్దును సరిచేసిన తరువాతనే మోటారును నడుపుడు.
6. చుట్టుకొకసారి లెక్క సరిచూచు గుర్తును తప్పక పెట్టుడు.

స్ప్రింగు త్రాసు, దారము, ఒక పూట శ్రమ – ఈ పరీక్షకు ఇంతకు మించి అవసరము లేదు. ఈ ఖరీఫ్‌కు బండి తయారుచేయదలచిన వారు తొలకరికి ముందే ఈ కొలతలు ముగించి, ఆ అంకెలు వ్రాసిన కాగితముతో దుకాణమునకు పోవలెను. సందేహములున్నచో కొనుటకు ముందే సమీప కృషి విజ్ఞాన కేంద్రములోగాని, పాలిటెక్నిక్ అధ్యాపకులనుగాని సంప్రదించుడు. కొన్న తరువాత అడుగు సలహాకు ఖరీదు ఎక్కువ.